పదిహేడో పేలిక

చండూరు బజార్ల కొన్న రెండు వందల పేజీల నోట్‌బుక్కు.
పేజీకొక పేలిక కుట్టిన.
కింద పెన్సిల్‌తోటి:
మంట ఎంత, పటిక ఎంత, ఏ నీళ్లు.

ఒకటోది మోదుగుపూలు,
గుట్ట మీద ఏరి నీడకు ఆరబెట్టినవి.
ఉడికితే పెండ్లింటి వాసన వస్తదనుకున్న.
తడిసిన గడ్డి వాసన వచ్చింది.
ఎండల ఆరేస్తే పొద్దుగూకేసరికి
రంగు చెప్పకుండ ఎల్లిపోయింది.

నాలుగోది దానిమ్మ తొక్క.
ఐదోది అదే తొక్క, ఇనుప మూకుడుల.
సగం రంగు మూకుడే ఏసింది.
అత్త బిడ్డ స్వరూప తొంగిచూసి
"బర్రె తాగే కుడితి" అన్నది.
అట్లనే రాసుకున్న: కుడితి రంగు. బాగుంది, ఉంచాలె.

ఏడు, ఎనిమిది, తొమ్మిది:
తుప్పు మొలలు, బెల్లం,
పదిహేను రోజులు కుండల పులిసిన నీళ్లు.
కరక్కాయల ముంచిన గుడ్డ మీద కుంచె పెట్టంగనే
తెల్లారినంక మల్ల అర్ధరాత్రి అయింది.

సంఘం ఆఫీసుల సూర్యప్రకాశం నవ్విండు.
"డబ్బా రంగు అర్ధగంట పని.
నువ్వేంది, కషాయాలు కాస్తున్నవు?"
నాకు జవాబు రాలేదు.
నాయిన చేతులు మోచేతుల దాక నీలంగ ఉండేవి,
పెండ్లిల గూడ చొక్కా చేతులు మడవకపోవు.
డబ్బా మీద రాసిన ఇంగ్లీషు ఆయనకు రాదు.
నాకొచ్చు. చదివిన.
చదివినంక మూత పెట్టిన.

నాకు కావల్సింది ఎరుపు.
తాత పెట్టె అడుగున దొరికిన జానెడు రుమాలు ఎరుపు,
ఇంకా ఆముదం వాసన పోనిది.
చిరివేరు కిలో తెప్పించిన.
పది, పదకొండు, పన్నెండు...
ఇటుక వస్తది, మానిన పుండు వస్తది,
ఒకసారి ఎలకపిల్ల రంగు గూడ వచ్చింది.
ఎరుపు రాదు.

"బోరు నీళ్లు బిడ్డా," అన్నది ఈశ్వరమ్మత్త,
"అవి ముందుగాల తమ రంగు ఏసుకుంటయి."
అని నవ్వింది.

ముందటి పండ్ల మీద అడ్డంగ గోధుమ చారలు.
ఏడెనిమిదేండ్లప్పుడు ఎక్కినవట.
బూడిద, ఇటుకపొడి, వేపపుల్ల, పట్నం పేస్టు,
అరవై ఏండ్లు తోమినా
ఒక్క చార కదలలేదు.
నోట్‌బుక్కు పక్కకు పెట్టి చూసిన.
చార పక్కన చార, అంచులు జర చెదిరి,
చిటికి కట్టి ముంచిన నూలు లెక్కనే.
ఇంత గట్టి రంగు నేను ఏసి ఎరుగను.
ఎన్ని మునకలో, పటిక ఏందో
ఎవ్వరూ రాసిపెట్టలేదు.
మా ఇండ్లల్ల పెండ్లి ఫొటోలు తీసి చూడు,
ఒక్క పెదవి తెరుచుకోదు.

నల్లా పొద్దుగాల అర్ధగంట వస్తది, తాగేటందుకే.
అడగ బుద్ధి కాలేదు.

మృగశిర పోయినంక రేకుల మీద వాన.
గంగాళం, బకెట్లు, స్వరూప పిల్లగాని నీళ్లతొట్టి,
అన్నీ చూరు కింద.
తొలి నీళ్లు మురికి, పారబోసినం.
మలిసారి నీళ్లల్ల చిరివేరు ఉడికింది.
"వాననీళ్లు ఒట్టి చప్పటియి," అని
అత్త తన తమలపాకుల డబ్బీలకెళ్లి
గోటితోటి చిటికెడు సున్నం తీసి రాల్చింది.
ఎంత అని అడిగితే గోరు చూపెట్టింది.
రాసుకున్న: ఈశ్వరమ్మత్త గోరంత.

పదిహేడో పేలిక.
ఒక మూల, రూపాయి బిళ్లంత మేర,
తాత రుమాలు ఎరుపు.
మిగతాదంత ఇంకా గులాబిల్నే తచ్చాడుతున్నది.

ఉతికితే గని నిలుస్తదో లేదో తెల్వదు.
గంగాళం ఖాళీ.
ఉతకాలంటే మల్ల బోరు మోటరే ఏయాలె.

మూడు రోజులాయె, పేలిక తీగె మీదనే ఉన్నది.
మబ్బు దిక్కు చూస్తున్నం ఇద్దరం,
అత్త నోరు తెరుచుకుని.